పటంపై పౌరుడి చేయి
సునామీ మార్చిన తీరానికి కొత్త సదుపాయం

అచ్చువేసిన పటంలో తప్పు దొర్లితే మరో ముద్రణ వెలువడే వరకు వేచి ఉండక తప్పదు. కంప్యూటర్ తెరపై కనిపించే పటానికి ఆ నిరీక్షణ అవసరం లేదు. వీధి పేరు, చెరువు హద్దు, కొత్తగా పడిన రోడ్డు వంటి వివరాలను సామాన్య పౌరుడే చేర్చి ఇతరులతో పంచుకునే సదుపాయాలు గత రెండు దశాబ్దాలలో ఒక్కొక్కటిగా అందుబాటులోకి వచ్చాయి. వీటి ప్రాధాన్యం ఏపాటిదో అండమాన్, నికోబార్ దీవులను చూస్తే తేటతెల్లమవుతుంది.

2004 డిసెంబర్ 26న సంభవించిన భూకంపం, సునామీ ఈ దీవుల రూపురేఖలనే మార్చివేశాయి. దక్షిణ కొసన ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. పోర్ట్‌బ్లెయిర్ సమీపంలోని సిప్పీఘాట్ పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. పాత పటాలు కొత్త తీరానికి సరిపోలేదు.

కాగా, పేర్లు సైతం మారాయి. 2018 డిసెంబర్‌లో రాస్, నీల్, హేవ్‌లాక్ దీవులకు, 2024 సెప్టెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్‌కు ప్రభుత్వం కొత్త పేర్లు ప్రకటించింది. రాజధాని ఇప్పుడు శ్రీ విజయపురం. అయితే డైరీ ఫార్మ్ వంటి పేటలను వెతుక్కునే వారికి కొత్త పేరుతో పాటు పాత పేరూ కావాలి. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారే కావడంతో తెలుగు పేరు కూడా అవసరమే. 2004లో స్టీవ్ కోస్ట్ బ్రిటన్‌లో ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఈ మూడింటినీ వేర్వేరుగా నమోదు చేయవచ్చు.

గూగుల్ సంస్థ 2007లో ‘మై మ్యాప్స్’ను ప్రవేశపెట్టింది. ఇందులో ఎవరి పటం వారు తయారుచేసుకుని, దానిని కేవలం చూసే హక్కును గాని, మార్చే హక్కును గాని ఇతరులకు ఇవ్వవచ్చు. 2008లో ఆ సంస్థే ప్రారంభించిన ‘మ్యాప్ మేకర్’ రూపకర్తలలో లలితేష్ కాట్రగడ్డ ఒకరు. అదే ఏడాది నర్గీస్ తుపాను మయన్మార్‌ను ముంచెత్తినప్పుడు పౌరులు గీసిన పటాల సమాచారం ఐక్యరాజ్యసమితి సహాయక బృందాలకు అందిందని ఆయన 2009లో మైసూరు సదస్సులో వివరించారు.

ఇలా ఉండగా, ఈ స్వేచ్ఛ దుర్వినియోగమైన సందర్భాలూ లేకపోలేదు. 2015లో పాకిస్థాన్ పటంపై కొందరు వికృత చిత్రం గీయడంతో మ్యాప్ మేకర్‌లో మార్పులను తాత్కాలికంగా నిలిపివేశారు. 2017 మార్చిలో ఆ సేవ మూతపడింది. దాని సదుపాయాలు కొన్ని గూగుల్ మ్యాప్స్‌లో కలిశాయి. లేని రోడ్లను వినియోగదారులే గీసి పంపే ఏర్పాటును 2021లో ప్రకటించారు. పంపిన మార్పులను పరిశీలించిన పిదపనే ప్రచురిస్తారు.

దేశ భద్రత మరో చిక్కుముడి. 1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా ఫిర్యాదుపై, గూగుల్ నిర్వహించిన పటాల పోటీ గురించి సీబీఐ 2014లో ప్రాథమిక విచారణ చేపట్టింది. అనుమతి లేని పటాలకు వంద కోట్ల రూపాయల వరకు జరిమానా ప్రతిపాదించిన 2016 నాటి ముసాయిదా బిల్లు చట్టరూపం దాల్చలేదు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం మార్గదర్శకాలను సడలించి, భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతుల బెడద చాలావరకు తొలగించింది. అయినప్పటికీ రక్షణ స్థావరాల వంటి సున్నిత ప్రదేశాలపై ఆంక్షలు కొనసాగుతున్నాయి. త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్‌కు కేంద్రమైన ఈ దీవులలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక దీవులలో ఇంటర్నెట్ వేగం పెరిగింది. తెరపై పటం దిద్దడం సులువైంది. విపత్తు వేళ అంబులెన్సు, సహాయక పడవ పటాన్ని నమ్ముకునే బయలుదేరతాయి. అందులో ఒక దారి తప్పుగా ఉంటే నష్టపోయేది ఆ దారి చివర ఎదురుచూసేవారే. కనుక తెలిసిన వివరాన్ని చేర్చడం ఎంత ముఖ్యమో, తెలియనిదానిని చేర్చకుండా ఉండటమూ అంతే ముఖ్యం.