సర్కారు సాయం ఉంది... మరి మన ఫైలు సిద్ధమేనా?

డేరాలో నాయిఫ్ దగ్గర చాయ్ దుకాణం ముందు, సెలవు రోజు సాయంత్రం మన తెలుగువాళ్ళు నలుగురు కలుసుకోవడం మామూలే. కొన్నేళ్ళ క్రితం అక్కడే కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రీషియన్ మిత్రుడు నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, బిడ్డకు ఎన్‌ఐటీల సీటొచ్చింది. మనసోంటోళ్ళ పిల్లలకు సర్కారు నుంచి ఏమన్న స్కాలర్‌షిప్ ఉంటదా? నువ్వు కంప్యూటర్ల మీదనే ఉంటవు గద, జర చూసి చెప్పు" అన్నాడు.

"అదెంత పని, చూసి చెప్తాను" అన్నాను. ప్రాజెక్టుల హడావుడిలో పడి మరిచిపోయాను. మళ్ళీ గుర్తొచ్చేసరికి సంక్రాంతి. వెతికితే పథకం ఉంది, గడువే దాటిపోయింది. ఇంజనీరింగ్ వాళ్ళు మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు పెట్టాలి కాబట్టి మరుసటి ఏడు కూడా దారి లేదు. విషయం చెబితే ఆయన ఒక్క మాట అనలేదు. "పోనీ తియ్ అన్నా" అన్నాడు, అంతే. ఎం.సి.ఏ. చదివి కంపెనీలకు సలహాలు అమ్ముకునే నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అలాంటి పొరపాటు మీ ఇంట్లో జరగకూడదనే ఈ నాలుగు మాటలు.

ప్రవాసుల పిల్లలకు ఎస్‌పీడీసీ

నేను సమయానికి చూడని పథకం ఇదే. ప్రవాస భారతీయుల పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2006-07లో మొదలుపెట్టింది. అప్పట్లో ప్రవాస భారతీయ వ్యవహారాల శాఖ చూసేది. 2016లో ఆ శాఖ విదేశాంగ శాఖలో కలిసింది. ఏటా 150 మందికి ఇస్తారు. ఏడాదికి 4,000 డాలర్లు లేదా సంస్థ ఖర్చులో 75 శాతం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. 4,000 డాలర్లంటే మన దిర్హాముల్లో 14,690.

ఆ 150లో 50 స్కాలర్‌షిప్‌లు ఈసీఆర్ దేశాల్లో, అంటే వలస కార్మికులకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన దేశాల్లో పనిచేసేవారి పిల్లలకు కేటాయించారు. యూఏఈ ఆ జాబితాలో ఉంది. ఆ 50లో మూడో వంతు, ఇండియాలోనే ఉండి చదువుకునే పిల్లలకు. అంటే నాన్న ఒక్కడే డేరాలో ఉండి, పిల్లలు ఊళ్ళో ఉన్న కుటుంబాలకూ ఇందులో చోటుంది! వయసు 17 నుంచి 21 మధ్య ఉండాలి, 12వ తరగతిలో కనీసం 60 శాతం మార్కులు రావాలి, కుటుంబ ఆదాయానికి పరిమితి ఉంది. సంఖ్య తక్కువే, పోటీ ఉంటుంది. కానీ దరఖాస్తే పెట్టకపోతే పోటీలో కూడా ఉండం కదా!

గల్ఫ్ పిల్లల కోటా

విదేశాల్లో చదివిన విద్యార్థులకు ఎన్‌ఐటీల వంటి సంస్థల్లో నేరుగా ప్రవేశం ఇచ్చే పథకం 'దాసా'. దీని కింద 15 శాతం అదనపు సీట్లు ఉంటాయి. వాటిలో మూడో వంతు గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకే. దీన్ని సీఐడబ్ల్యూజీ కోటా అంటారు.

తేడా ఎంతో చూడండి. మామూలు దాసా సీటుకు ఎన్‌ఐటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 8,000 డాలర్లు, అంటే 29,380 దిర్హాములు. గల్ఫ్ కోటాలో అయితే ఇండియాలోని పిల్లలు కట్టే ఫీజే, ఏడాదికి లక్షా పాతిక వేల రూపాయలు. మన లెక్కలో సుమారు 5 వేల దిర్హాములు. ఇది స్కాలర్‌షిప్ కాదు గానీ, నాలుగేళ్ళలో మిగిలేది అంతకు మించి ఉంటుంది. ప్రవేశం జేఈఈ మెయిన్ ర్యాంకు మీదే. ఆ పరీక్షకు దుబాయ్‌లో కేంద్రం ఉంది.

సొంత రాష్ట్రం సంగతి

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎందరో పేద పిల్లలను ఇంజనీర్లను చేసింది. అయితే ఇది ప్రధానంగా రాష్ట్రంలోనే చదివిన స్థానిక విద్యార్థుల కోసం. చివరి నాలుగేళ్ళు ఇక్కడే చదివిన మన పిల్లలకు 'స్థానికత' చిక్కు వస్తుంది. కాబట్టి 9వ తరగతికి ముందే, పిల్లలు ఇక్కడ చదవాలా అక్కడ చదవాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఊళ్ళో చదివే పిల్లలకు ఆదాయ ధ్రువపత్రం తీసుకునేటప్పుడు గల్ఫ్ జీతం కూడా చూపించండి. దాచి తెచ్చుకున్న సాయం తర్వాత మెడకు చుట్టుకుంటుంది.

పొదుపు మాట

ఊళ్ళో అందరూ కడుతున్నారని ఆడపిల్ల పేరున సుకన్య సమృద్ధి తెరవాలనుకుంటాం. ప్రవాసులకు ఆ వీలు లేదు. పీపీఎఫ్ కూడా కొత్తగా తెరవలేం. ఇండియాలో ఉన్నప్పుడు తెరిచి ఉంటే గడువు తీరేదాకా కొనసాగించవచ్చు. మనకు అందుబాటులో ఉన్నది ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్. ప్రవాసిగా ఉన్నన్నాళ్ళు దాని వడ్డీపై ఇండియాలో ఆదాయపు పన్ను లేదు. అమెరికాలో తల్లిదండ్రులు బిడ్డ పుట్టగానే '529' అనే కాలేజీ పొదుపు ఖాతా తెరుస్తుంటారు. మన ఇంట్లో అలాంటి ఖాతాను మనమే పెట్టుకోవాలి. నెలకు 200 దిర్హాములైనా సరే, కాలేజీ పేరు చెప్పి పక్కన పెట్టండి.

ఈ వారమే ఒక ఫైలు కొనండి

అందులో పాస్‌పోర్టులు, వీసా కాపీలు, ఉద్యోగ ధ్రువపత్రం, జీతం కాగితాలు, మార్కుల జాబితాలు పెట్టండి. పేరు, ఇంటిపేరు అన్నిటిలో ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూడండి. పథకాల నిబంధనలు, గడువులు ఏటా మారుతుంటాయి. అందుకని ఆ ఏటి ప్రకటనే చదవండి. అనుమానం ఉంటే అబ్రా ఎక్కి బర్ దుబాయ్ వెళ్ళి, మన కాన్సులేట్‌లో అడగండి.

పిల్లలూ, మీకూ ఒక మాట. ఆన్‌లైన్ దరఖాస్తు నింపడం అమ్మానాన్నల కంటే మీకే బాగా వచ్చు. గడువు తేదీ గోడ క్యాలెండర్‌లో రాసిపెట్టే బాధ్యత మీదే!

మా మిత్రుడి రెండో బిడ్డ ఇప్పుడు 9వ తరగతి. మొన్న ఆదివారం అదే చాయ్ దుకాణంలో కూర్చుని ఆ పిల్ల ఫైలు మొదలుపెట్టాం. ఈసారి తేదీలు ఆయన ఫోన్‌లో కాదు, నా ఫోన్‌లో పెట్టుకున్నాను.