టీబీ మందులు మింగుతూ బీడీ తాగితే

వేములవాడ, సిరిసిల్ల పక్క వాడల్లో బీడీ అంటే అలవాటే కాదు, కూలి కూడా. ఆడవాళ్లు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని చుడతారు, మగవాళ్లు తాగుతారు. అందుకే టీబీ గురించి మాట్లాడేటప్పుడు బీడీ ఊసెత్తడానికి మనం వెనకాడతాం. ‘వాళ్ల అలవాట్ల వల్లే రోగాలు’ అనే నోళ్లకు పని కల్పించినట్లవుతుందని భయం. మన దేశంలో టీబీని పెంచుతున్న వాటిలో పెద్దది తిండి లేమి. అది చెబుతూనే బీడీ సంగతీ చెప్పాలి.

మామూలు టీబీకి ఆరు నెలల మందులు. రెండు నెలలయ్యాక గళ్ల పరీక్ష చేస్తారు, అప్పటికి క్రిములు కనబడకుండా పోవాలి. పొగ తాగేవాళ్లలో ఇది ఆలస్యమవుతుంది. ఊపిరితిత్తుల్లో క్రిమిని మింగి చంపే కణాలను పొగ బలహీనపరుస్తుంది, గళ్లను పైకి తోసే సన్నని నూగును దెబ్బతీస్తుంది. మందు తన పని తాను చేస్తున్నా ఒంటి సాయం తగ్గుతుంది. గళ్లలో క్రిమి ఉన్నన్ని రోజులు అదే గదిలో పడుకునే పిల్లలకూ ముప్పే. నయమయ్యాక తిరగబెట్టడం, చావు కూడా పొగ తాగేవాళ్లలోనే ఎక్కువ. తమిళనాడులో మగవాళ్ల మరణాలపై జరిగి, 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం పొగ తాగేవాళ్లకు టీబీతో చనిపోయే ముప్పు దాదాపు నాలుగు రెట్లు.

మధ్యలో మందులు మానేసేవాళ్లలోనూ వీళ్లే ఎక్కువ. దీన్ని బాధ్యత లేకపోవడం అనేస్తే సరిపోదు. వలస కూలి, కల్లు, సారా, ఆసుపత్రిలో పడే తిట్లు అన్నీ కలిసే ఉంటాయి. ‘బీడీ తాగితే మందు పనిచేయదు’ అని బెదిరిస్తే, బీడీ మానలేనివాడు మందే మానేస్తాడు. కార్యకర్తలు చెప్పాల్సింది ఇంకోలా: బీడీ మానలేకపోయినా మందు ఒక్కపూటా ఆపొద్దు, మానితే తొందరగా కోలుకుంటావు.

ప్రతి టీబీ రోగినీ పొగాకు గురించి అడగాలని, మానడానికి సాయపడాలని కేంద్రం 2017లోనే చెప్పింది. రోగి కార్డులో టిక్కు పెట్టి వదిలేస్తే అది సాయం కాదు. 1800-11-2356 ఉచిత నంబరు ఉంది, రోగి పక్కన కూర్చొని మనమే కలిపి ఇవ్వొచ్చు. నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1000 రూపాయలు పడుతున్నాయో లేదో కూడా అప్పుడే అడగాలి.

ఇక బీడీలు చుట్టే ఆమె సంగతి. ఇంట్లో తంబాకు దుమ్మూ ఆమెదే, మొగుడి పొగా ఆమెదే. ఆమె దగ్గును ‘తంబాకు దగ్గు’ అని కొట్టిపారేస్తారు. రెండు వారాలు దాటితే ఆమె గళ్ల కూడా పరీక్షకు పోవాలి.