అప్రెంటిస్‌కు పని నేర్పుతారు.. కొలువుకు పూచీ లేదు

దువ్వాడ: ఉక్కు కర్మాగారానికి ఆనుకొని ఉన్న దువ్వాడ ప్రాంతంలో ఇంజినీరింగ్, డిప్లొమా ముగించిన విద్యార్థులు ఏడాది అప్రెంటిస్‌షిప్‌పై ఆశలు పెట్టుకుంటారు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం పరిధిలోకి 1973 సవరణతో వీరు వచ్చారు. 2019లో పట్టభద్రులకు నెలకు రూ.9 వేలు, డిప్లొమావారికి రూ.8 వేలు కనీస భృతిగా నిర్ణయించారు. అందులో సగం కేంద్రమే భరించేలా ఏర్పాటు చేశారు.

చాలామంది గమనించని సంగతి మరొకటుంది. చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థియే తప్ప కార్మికుడు కాడు. అయినా భద్రతా ఏర్పాట్లు, పనిలో గాయపడితే పరిహారం అతని హక్కులే. ఒప్పందం నమోదైందో లేదో చేరిన నెలలోనే చూసుకోవడం మేలు. గడువు ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం మాత్రం యాజమాన్యానికి లేదు. ఏడాదిపాటు తెల్లవారకముందే బస్సెక్కిన కుర్రవాడికి కచ్చితంగా దక్కేది శిక్షణ ధ్రువపత్రమే.