రొమ్ములో కాల్షియం చుక్కలు

మామోగ్రామ్ రిపోర్టులో కాల్షియం చుక్కలున్నాయని రాస్తే, అనుమానం ముందుగా పాల మీదికీ మాత్రల మీదికీ పోతుంది. కనిగిరి, పొదిలి వైపైతే తాగే నీళ్ల మీదికీ పోతుంది. అందులో తప్పేం లేదు. ఆ ఊళ్లు అప్పట్లో ఉన్న నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు ఎముకల్ని ఎలా పాడుచేస్తున్నాయో 1937లోనే వైద్యులు నమోదు చేశారు. కానీ ఎముకల సంగతి వేరు, రొమ్ము సంగతి వేరు. ఇక్కడి కాల్షియం తిన్నదాన్ని బట్టి చేరేది కాదు. కణాలు చనిపోయిన చోట, పాత గడ్డ ఎండిన చోట, వయసు మీద పడి గట్టిపడ్డ రక్తనాళం గోడలో అది పేరుకుంటుంది. చాలామందిలో దానివల్ల ఏ హానీ ఉండదు. అందుకే చుక్కలు ఉన్నాయా లేవా అన్నదానికంటే ఎలాంటివి, ఎలా పరుచుకున్నాయి అన్నదే అసలు ప్రశ్న.

పెద్దగా, మొద్దుగా ఉన్నవి సాధారణంగా మామూలు గడ్డల తాలూకువి. అర మిల్లీమీటరుకు లోపు ఉండి, ఒక్కోటి ఒక్కో ఆకారంలో, ఒకేచోట గుంపుకట్టినవి, లేదా పాలనాళం దారినే కొమ్మలు చీలుతూ సాగినవి అనుమానించాల్సినవి. నాళం గోడ దాటని తొలిదశ క్యాన్సర్ చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది. 1913లో బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్ కోసి తీసిన రొమ్ములను ఎక్స్‌రే తీసి ఈ చుక్కల్ని చూశాడు. మెత్తటి ఉప్పు రేణువుల్లాంటి వాటికి క్యాన్సర్‌తో ఉన్న సంబంధాన్ని 1951లో ఉరుగ్వే వైద్యుడు రౌల్ లెబోర్న్ వివరించాడు.

ఇవి చేతికి తగలవు. ముప్పై దాటిన ఆడవాళ్లకు ప్రభుత్వం చేయించేది చేతి పరీక్షే. అలాగైతే అందరికీ మామోగ్రామ్ తీయొచ్చు కదా అంటే, నేను ఒప్పుకోను. చిన్నవయసులో రొమ్ము దట్టంగా ఉండి ఫిల్మ్ మీద అంతా తెల్లగానే పడుతుంది. పైగా తొలిదశలో దొరికినవన్నీ ముదిరేవీ కావు, అనవసరపు ఆపరేషన్ల భయం నిజమైనదే. నన్ను ఎక్కువ కలవరపెట్టేది రిపోర్టు చేతికొచ్చాక జరిగే ఆలస్యం. రిపోర్టులో బైరాడ్స్ అనే అంకె ఉంటుంది. 2 అయితే నిశ్చింత, 3 అయితే ఆరు నెలలకు మళ్లీ ఫిల్మ్, 4 గానీ 5 గానీ అయితే ముక్క తీసి పరీక్ష. మిరప కోతలు అయ్యాక చూద్దాంలే అని వాయిదా వేయకూడనిది ఈ చివరిదే. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో ఆగిపోవాల్సిన పనీ లేదు, సూది పరీక్ష వల్ల రోగి ఆయుష్షు తగ్గుతుందని రుజువు లేదు. ఎక్స్‌రే చూసుకుంటూ సూదిని చుక్కల దగ్గరికే పంపుతారు. తీసిన సన్నటి ముక్కల్ని మళ్లీ ఎక్స్‌రే తీసి, చుక్కలు వాటిలో పడ్డాయని చూసుకున్నాకే ల్యాబుకు ఇస్తారు. క్యాన్సర్ వైద్యం కోసం హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది.