ఓడిపోని సీజన్, గెలవని మ్యాచ్

1926లో అమెరికా నౌకాదళ అకాడమీ ఫుట్‌బాల్ జట్టు పది మ్యాచ్‌లు ఆడింది. తొమ్మిది గెలిచింది, ఒకటి డ్రా చేసుకుంది. అయినా ఆ ఏడాది గురించి ఎవరు రాసినా గెలిచిన తొమ్మిదింటినీ పక్కన పెట్టి, గెలవని ఆ ఒక్కదాని గురించే రాస్తారు. అందులో న్యాయముంది.

ముందు ఆట సంగతి. ఇది కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే, చేత్తో విసిరే అమెరికన్ ఫుట్‌బాల్. బంతిని అవతలి జట్టు చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. వెంటనే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే మరొకటి. ఈ ఒక్క పాయింటుతో మనకు పని ఉంది.

మేరీలాండ్‌లోని అనాపొలిస్‌లో నౌకాదళ అకాడమీ (నేవీ), న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్‌లో సైనిక అకాడమీ (ఆర్మీ). రెండూ కాబోయే అధికారులకు చదువు చెప్పేవే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత ఈ రెండింటి మధ్య జరిగే వార్షిక మ్యాచ్ దేశమంతా ఎదురుచూసే పండుగ అయింది. 1926లో దాన్ని షికాగోకు తీసుకెళ్లారు. యుద్ధంలో పనిచేసిన సైనికుల స్మారకంగా కట్టిన సోల్జర్ ఫీల్డ్‌ను అంకితం చేసే రోజది. నవంబరు 27న, గడ్డకట్టే చలిలో లక్ష మందికి పైగా కూర్చుని చూశారు.

బిల్ ఇంగ్రామ్ శిక్షణలో నేవీ అప్పటికే మిషిగన్‌ను 10–0తో ఓడించి వచ్చింది. షికాగోలోనూ మొదట 14–0 ఆధిక్యం సంపాదించింది. ఆర్మీ పుంజుకుని సమం చేసింది, ఆపై 21–14తో ముందుకు వెళ్లింది. చీకటి పడుతుండగా నేవీ ఆటగాడు అలన్ షాప్లీ ఎనిమిది గజాల నుంచి దూసుకెళ్లి టచ్‌డౌన్ చేశాడు. 21–20. ఇక మిగిలింది ఆ ఒక్క పాయింటు. టామ్ హామిల్టన్ బంతిని నేల మీదికి వదిలి, అది పైకి లేస్తుండగా తన్నాడు. స్తంభాల మధ్య నుంచి వెళ్లింది. 21–21.

అప్పట్లో జాతీయ విజేతను తేల్చే ఫైనల్ లేదు. లెక్కలు కట్టి ర్యాంకులిచ్చేవారిలో కొందరు నేవీని విజేతగా ప్రకటించారు, మరికొందరు అలబామాకో స్టాన్‌ఫోర్డ్‌కో ఇచ్చారు. నాకు ఆ కిరీటం కంటే ఆ తర్వాత రేగిన తగువే ముఖ్యమనిపిస్తుంది.

ఆర్మీకి ఆ రోజు ఆడినవాళ్లలో హ్యారీ విల్సన్, క్రిస్ కేగిల్ మేటి ఆటగాళ్లు. విల్సన్ వెస్ట్ పాయింట్‌లో చేరేముందే పెన్ స్టేట్ తరఫున మూడు సీజన్లు ఆడాడు. కేగిల్ కూడా లూసియానాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడి వచ్చినవాడే. తక్కిన పెద్ద కాలేజీల్లో చాలావాటిలో ఒక విద్యార్థి మొత్తం మూడేళ్లే ఆడాలన్న నియమం ఉండేది. నేవీ దాన్ని తానూ పెట్టుకుని, ఆర్మీనీ పాటించమంది. తమ దగ్గర చేరే వయసు పరిమితి ఎక్కువ, అందువల్ల ఇతర కాలేజీల్లో చదివి వచ్చేవాళ్లుంటారు, వాళ్లను ఆటకు దూరం పెట్టడం అన్యాయమని ఆర్మీ వాదించింది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల ఎదురుగా ఆరేడేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి నిలబెట్టి సమాన పోటీ అనడం కుదరదు. నేవీ పట్టుదలే సరైనదని నా అభిప్రాయం.

ఎవరూ తగ్గలేదు. 1928, 1929లలో మ్యాచే జరగలేదు. ఆర్థిక మాంద్యంలో ఉపాధి కోల్పోయినవారి సహాయార్థం 1930, 1931లలో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో కలిసి ఆడారు. 1932లో వార్షిక పోటీ మళ్లీ గాడిన పడింది.

ఆటగాళ్ల దారులు వేరువేరుగా సాగాయి. రహస్యంగా పెళ్లి చేసుకున్నాడని తేలడంతో కేగిల్ 1930లో వెస్ట్ పాయింట్ వదలాల్సి వచ్చింది. క్యాడెట్లకు పెళ్లి నిషేధం. షాప్లీ మెరైన్ అధికారి అయ్యాడు. 1941లో పెర్ల్ హార్బర్‌లో అరిజోనా యుద్ధనౌక పేలినప్పుడు నీళ్లలో పడి, మునిగిపోతున్న తోటి సైనికుణ్ణి కాపాడి సిల్వర్ స్టార్ పొందాడు.

1921 తర్వాత ఆర్మీపై నేవీకి గెలుపు దక్కింది 1934లోనే, 3–0తో. ఆ జట్టుకు కోచ్, షికాగోలో ఆ ఒక్క పాయింటు తన్నిన టామ్ హామిల్టన్.