క్యాన్సరు చికిత్సలో ఉన్న బిడ్డకు మనోధైర్యం

మారాము చేసే బిడ్డను "డాక్టరు గారితో చెప్పి సూది వేయిస్తాను" అని బెదిరించడం మన ఇళ్ళలో పరిపాటి. ఆ బిడ్డకే రక్త క్యాన్సరు వచ్చి, నెలల తరబడి సూదులు తప్పనిసరి అయినప్పుడు ఆ పాత బెదిరింపు బయటపడుతుంది. తన అల్లరికి ఇది శిక్ష అని నాలుగైదేళ్ళ పసివాడు నిజంగానే నమ్మవచ్చు, పైకి చెప్పకపోవచ్చు. కనుక "నువ్వు ఏ తప్పూ చేయలేదు నాన్నా, ఈ జబ్బు అల్లరి వల్ల రాలేదు" అని అతనికి పదేపదే చెప్పాలి.

పిల్లలలో ఎక్కువగా కనిపించే క్యాన్సరు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. దీని చికిత్స సాధారణంగా 2 నుండి 3 సంవత్సరాలు సాగుతుంది. జిల్లాల నుండి హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి వంటి చోట్లకు వచ్చే పిల్లలకు ఇల్లు, బడి, తోబుట్టువులు కూడా దూరమవుతారు. ఇంత కాలం నిజం దాచడం సాధ్యం కాదు.

"చీమ కుట్టినట్లుంటుంది, అంతే" అన్న మాట వెన్నులో నీరు తీసే రోజున అబద్ధమని తేలిపోతుంది. ఆ తరువాత తల్లి ఏమి చెప్పినా బిడ్డ నమ్మడు. "కొంచెం నొప్పి ఉంటుంది. కదలకుండా ఉండటమే నీ పని. ఏడుపు వస్తే ఏడువు, నేను పక్కనే ఉంటాను" అనడం మేలు. సూది వేసే చోట సుమారు గంట ముందుగా పూసే తిమ్మిరి లేపనం గురించి వైద్యుని అడగవచ్చు. సబ్బు బుడగలు ఊదిస్తే శ్వాస నెమ్మదించి, బిగుసుకున్న శరీరం సడలుతుంది. ఏ చేతికి సూది, ఏ కథ వినాలి అన్నవి వీలైనంత వరకు బిడ్డనే ఎంచుకోనివ్వండి.

జుట్టు చాలామందికి మందులు మొదలుపెట్టిన రెండు మూడు వారాలలో రాలుతుంది. తలగడ మీద కుచ్చులు చూసి బిడ్డ బెదరకముందే చెప్పాలి. తిరుపతి గుండు ఎరిగిన మన పిల్లలకు, మళ్ళీ మొలుస్తుందని చెప్పడం అంత కష్టం కాదు.

స్టెరాయిడ్ మాత్రలు వాడే రోజులలో విపరీతమైన ఆకలి, చిరాకు, అకారణ రోదన కలుగుతాయి. చూడవచ్చిన పెద్దలు దీనిని "గారాబం ఎక్కువై పెంకితనం" అనడం కద్దు. అది మందు ప్రభావం. ఆపిన తరువాత క్రమంగా తగ్గుతుంది.

గృహవైద్యంపై నమ్మకం గల పాఠకులకు ఒక హెచ్చరిక. వైద్యునికి తెలియకుండా ఆకుపసరులు, భస్మాలు ఇవ్వరాదు. అవి కాలేయానికి హాని చేయవచ్చు, మందుల పనిని చెడగొట్టవచ్చు. తెల్లకణాలు తగ్గిన వేళ పచ్చి రసాల వల్ల అంటువ్యాధులు రావచ్చు. బామ్మగారి చేతివైద్యమే కావాలంటే, వైద్యుని అనుమతితో, కొబ్బరినూనె రాసి అరికాళ్ళు మృదువుగా నిమరండి. గట్టిగా మర్దించరాదు; ప్లేట్‌లెట్లు తక్కువైతే చర్మం కమిలిపోతుంది.

తల్లి కంటతడి పెట్టడం తప్పు కాదు. గుమ్మం బయట గుసగుసలే బిడ్డను ఎక్కువ భయపెడతాయి. స్టెరాయిడ్లు లేని రోజులలో కూడా బిడ్డ ఆట మాని, మాట మాని, నిద్ర లేక దినాల తరబడి ముడుచుకొని ఉంటే ఆ సంగతి జ్వరం సంగతి చెప్పినంత వెంటనే వైద్యునికి చెప్పండి.