చెంచాడు పసుపులో కాలేయానికి దక్కేదెంత?

కోరుట్ల, మెట్‌పల్లి పల్లెల్లో జూన్‌లో పెట్టిన పసుపును సంక్రాంతి దాటాక తవ్వుతారు. ఉడకబెట్టి రెండు వారాలు ఎండబోస్తారు. విరిస్తే కొమ్ము టక్కుమని మోగాలి, వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. 100 కిలోల పచ్చి పసుపు ఎండాక సుమారు 20 కిలోలకు దిగుతుంది. కాలేయాన్ని కాస్తుందని పేరుపడ్డ కర్క్యుమిన్ ఆ ఎండు కొమ్ములోనూ దాదాపు 3 శాతమే. అంటే 3 గ్రాముల పొడిలో 90 మిల్లీగ్రాములు.

కాలేయంలో కొవ్వు పేరుకున్నా, మద్యం ఎక్కువైనా ఫ్రీ రాడికల్స్ పెరిగి కణాల పొరలను దెబ్బతీస్తాయి. కర్క్యుమిన్ వాటిని చల్లారుస్తుంది. పరీక్షనాళికలో ఇది స్పష్టంగా కనబడుతుంది. ఒంట్లోకి వెళ్లాకే చిక్కు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్ మింగిస్తే రక్తంలో దాని జాడ దాదాపు లేదు. అంత కర్క్యుమిన్ కావాలంటే 65 గ్రాములకు పైగా పసుపు తినాలి, ఏ కూరా అంత పట్టదు! మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు జోడిస్తే మాత్రం ఒంటికి పట్టేది 2000 శాతం పెరిగింది.

ఒంటికి బాగా పట్టేలా చేసిన కర్క్యుమిన్‌కు ఫలితమూ ఉంది. ఇరాన్‌లో ఫ్యాటీ లివర్ ఉన్న 80 మందిపై 8 వారాల పరీక్ష చేసి 2016లో ప్రచురించారు. రోజుకు 70 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ వాడినవారిలో 78.9 శాతం మందికి కాలేయపు కొవ్వు తగ్గింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 27.5 శాతం మందికే. ఆశ కలిగించే అంకెలే, కానీ 80 మంది చాలా తక్కువ.

రెండో వైపూ చూడాలి. పసుపు ఉత్పత్తుల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 కేసులను అమెరికా వైద్యుల బృందం 2022లో ప్రచురించింది. అయిదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పరీక్షించిన 7 ఉత్పత్తుల్లో 3 పైపరిన్ కలిపినవి. పదిమందిలో ఏడుగురికి హెచ్‌ఎల్‌ఏ-బి*35:01 అనే ఒకే జన్యురకం ఉంది. మందు అందరికీ ఒకేలా పడదు, ఆ రకం ఉందో లేదో మనకు ముందుగా తెలియదు.

కాబట్టి కూరలో వేసే పసుపుకు భయం అక్కర్లేదు. జగిత్యాలలోనో సిరిసిల్లలోనో మందుల దుకాణంలో క్యాప్సూల్ సీసా కొనేవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగాలి. వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, పసిరికలకు నాటుమందు వెతకకుండా క్యాప్సూల్ ఆపి, ఆ సీసాతోనే వెళ్లి లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించుకోవాలి.